తేడా నిజమా, అదృష్టమా?

మంజీర నదికి అడ్డంగా నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. దీన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇది ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ ప్రాంతంలో ఉన్నది. దీని కాలువ కింద వరి పండుతుంది.

ఆ కాలువ కింద ఒక ముసలి రైతు, ఆయనకొక మనవరాలు ఉన్నారనుకుందాం. ఊళ్ళోకి కొత్త వరి విత్తనం వచ్చింది. "పాతదానికన్న ఇది బాగా పండుతుంది" అని అందరూ అంటున్నారు. తాత ఆలోచనలో పడ్డాడు. విత్తనం మార్చాక పంట తగ్గితే ఆ ఏడు అప్పు తీరదు. విత్తనం నిజంగా మంచిదై ఉండి, మార్చకపోతే ఏటా నష్టమే.

"ముందు కొంచెం వేసి చూద్దాం, తాతా!" అన్నది మనవరాలు.

కాలువ మొదలు నుంచి చివరి దాకా అయిదు చోట్ల ఒక్కొక్క గుంట నేల తీసుకున్నారు. ప్రతి గుంటనూ సగానికి గట్టు వేసి, ఏ సగంలో ఏ విత్తనం చల్లాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. నీరూ ఎరువూ రెండు సగాలకూ ఒకటే.

కోతలయ్యాయి. పాత విత్తనం వరుసగా 38, 31, 25, 20, 16 కిలోలు పండింది. కొత్తది 40, 32, 29, 23, 21 కిలోలు. పాతదాని సగటు 26, కొత్తదాని సగటు 29.

"మూడు కిలోలు ఎక్కువ! ఇంకా సందేహమెందుకు?" అంటారా? కాస్త ఆగండి. ఒకే పాత విత్తనం ఒక చోట 38 కిలోలు, మరొక చోట 16 కిలోలు పండింది కదా! అంటే విత్తనం మారకపోయినా పంట ఎక్కువ తక్కువలవుతుంది. మరి ఈ మూడు కిలోలు విత్తనం గొప్పతనమా, వట్టి అదృష్టమా?

సరిగా ఇటువంటి చిక్కే డబ్లిన్ నగరంలో గిన్నిస్ అనే బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్‌కు ఎదురయింది. ఆయన బార్లీ గింజలను పరీక్షించేవాడు. ప్రయోగాలు ఎక్కువగా చేయటానికి వీలుండేది కాదు. అంత కొద్ది లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చునో ఆయన కనిపెట్టి, 1908లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఉద్యోగులు సొంత పేరుతో రాయటానికి కంపెనీ ఒప్పుకోలేదు. అందుచేత ఆయన "స్టూడెంట్", అంటే విద్యార్థి, అని సంతకం చేశాడు! ఆయన పద్ధతే "టీ పరీక్ష". ఇది మనం తాగే టీ కాదు, ఇంగ్లీషు అక్షరం.

ఈ పరీక్ష మొదట "రెండు విత్తనాలకూ తేడా ఏమీ లేదు" అనుకుంటుంది. తరవాత ఆ ఊహ నిలుస్తుందో లేదో చూస్తుంది. మనమూ లెక్క చేద్దాం.

ప్రతి చోటా కొత్త పంటలోనుంచి పాత పంట తీసివేస్తే 2, 1, 4, 3, 5 వస్తాయి. వీటి సగటు 3. ఒక్కొక్కటీ ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నది? 1, 2, 1, 0, 2. ఈ దూరాల వర్గాలను కూడితే 10. దాన్ని జతల సంఖ్యకు ఒకటి తక్కువతో, అంటే 4తో, భాగిస్తే 2.5. మళ్ళీ జతల సంఖ్య 5తో భాగిస్తే 0.5. దీని వర్గమూలం సుమారు 0.707. సగటు 3ను దీనితో భాగిస్తే 4.24 వస్తుంది. ఇదే మన టీ విలువ.

టీ పట్టికలో 4 ఎదుట 2.78 అని ఉంటుంది. నిజంగా తేడా లేకపోతే, టీ విలువ ఇటుగాని అటుగాని 2.78 దాటటం నూటికి అయిదుసార్లు మాత్రమే జరుగుతుందని దాని అర్థం. మనది 4.24. కనుక "తేడా లేదు" అనే మాట నిలవటం కష్టం.

ఇప్పుడొక వింత చూడండి. ఏ మడి దేనికి జతో మరిచిపోయి, అయిదు పాత పంటలు ఒక గుంపు, అయిదు కొత్త పంటలు ఒక గుంపు అనుకొని లెక్క వేస్తే టీ విలువ 0.58 మాత్రమే! పట్టికలో ఉండవలసినది 2.31. కాలువ మొదటి మడికీ చివరి మడికీ ఉన్న పెద్ద తేడాలో విత్తనం చేసిన చిన్న మేలు మునిగిపోయింది. పంట అదే, పరీక్షే తప్పు.

అందుచేత పరీక్షను ఎంచుకోవటం తెలియాలి. ఒకే మడిలో రెండు సగాలూ, ఒకే మనిషికి మందుకు ముందూ తరవాతా అయితే జతల పరీక్ష. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుంపులైతే, ఉదాహరణకు రెండు వేరువేరు బడుల పిల్లల ఎత్తులైతే, విడి గుంపుల పరీక్ష. బస్తా మీద 25 కిలోలని రాసి ఉంటే, కొన్ని బస్తాలు తూచి ఆ మాట నిజమా అని చూడటానికి ఒకే గుంపు పరీక్ష. ఏ పరీక్ష చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. ఫలితం చూశాక మనకు నచ్చిన పరీక్షను ఏరుకోవటం మోసం. కొద్ది లెక్కల్లో ఒకటి మిగతావాటికి మరీ దూరంగా ఉన్నా ఈ పరీక్షను తేలికగా నమ్మరాదు.

ఈ గణాంక శాస్త్రంలో మన తెలుగువాడు సి. ఆర్. రావు ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. గాసెట్ పద్ధతిని పెంపొందించిన ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేశాడు. 2023లో, 102 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

మనవరాలు లెక్క చూపించగానే తాత, "సరే, తేడా నిజమే అనుకుందాం. ఆ మూడు కిలోలకూ విత్తనం ఖరీదు గిట్టుతుందా?" అని అడిగాడు. మంచి ప్రశ్న! టీ పరీక్ష దానికి జవాబు చెప్పదు. తేడా ఉన్నట్టు తోస్తున్నదా లేదా అన్నంతవరకే చెబుతుంది. తక్కినది తాతే ఆలోచించుకోవాలి. ఆయన ఆ ఏడు సగం పొలంలో మాత్రమే కొత్త విత్తనం చల్లాడు.

మీరు కూడా అయిదు కుండీలను మధ్యకు అడ్డుకట్టి, రెండు రకాల ఎరువు వేసి మెంతులు చల్లి చూడండి. ఏది బాగా పెరిగిందని కంటితో చూసి చెప్పకండి. కొలిచి, లెక్క వేసి చెప్పండి!