నాలుగు తూటాల మీట తుపాకీ

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ మేడెక్కి తూర్పుకి చూస్తే నీళ్ల ట్యాంకులు, వాటి వెనక మళ్లీ నీళ్ల ట్యాంకులు. ఆ వరస దాటి తిన్నగా గీత గీస్తే సుమారు 15 కిలోమీటర్లకు బొల్లారం తగులుతుంది. పులుల వేట కథలు రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1910లో అక్కడే పుట్టాడు. బతుకుతెరువు బెంగళూరులో. వేట మాత్రం అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ, మామండూరు, నల్లమలలో దిగువమెట్ట దాకా సాగింది. 1954లో మొదలైన ఆయన పుస్తకాలు చదివినవాళ్లు పులి పేరు మరిచిపోయినా, పాయింట్ 405 అనే అంకె మాత్రం మరువరు. అది ఆయన తుపాకీలో పట్టే తూటా.

తుపాకీ పేరు వించెస్టర్ మోడల్ 1895. గీసినవాడు అమెరికాలోని యూటా మనిషి జాన్ మోజెస్ బ్రౌనింగ్. అంతకుముందు వించెస్టర్ మీట తుపాకుల్లో గొట్టం కింద మరో సన్న గొట్టం ఉండేది. తూటాలు అందులో రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగుకి ఆనుతుంది. తూటాను పేల్చే క్యాప్ ఉండేది సరిగ్గా ఆ అడుగునే! గుండు మొన మొద్దుగా ఉన్నంతకాలం పరవాలేదు. సూదిమొనదైతే, తుపాకీ అదిరినప్పుడు ఆ మొనే సుత్తి పని చేసేయగలదు. బ్రౌనింగ్ తూటాలను పొట్ట కింద పెట్టెలో ఒకదానిపై ఒకటి పేర్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా సైన్యం దాదాపు మూడు లక్షల తుపాకులు తీసుకుంది. వాళ్ల తూటా సూదిమొనదే.

పాయింట్ 405 తూటా 1904లో వచ్చింది. విచిత్రమేమిటంటే దీని గుండు మొద్దు మొనది. పెట్టెలో నాలుగే పడతాయి. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దీన్ని ఆఫ్రికాకు పట్టుకెళ్లి, సింహాలకు ఇదే మందని మెచ్చుకున్నాక పేరు మోగింది.

గుండు బరువు 19 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు దాదాపు 670 మీటర్లు. లెక్క కడితే 4,300 జౌళ్ల శక్తి. అంటే 60 కిలోల మనిషిని మా రెండో అంతస్తు దాకా ఎత్తగలిగేంత. అయినా సినిమాల్లోలా పులి ఎగిరి పడదు. గుండు ఊపంతా 200 కిలోల దేహానికి పంచితే సెకనుకు ఆరేడు సెంటీమీటర్ల కదలిక, అంతే. చంపేది ఊపు కాదు. మెత్తటి సీసం మొన లోపల విచ్చుకుని చేసే గాయం. అదే ఊపు నాలుగు కిలోలైనా లేని తుపాకీ మీద పడితే అది సెకనుకు మూడు మీటర్లకు పైగా వేగంతో వెనక్కి తంతుంది. తుపాకీ మడమకి ఉండేది వంపు తిరిగిన ఇనుప పలక. భుజం సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఆండర్సన్ దీన్ని ఎందుకు మోశాడు? మీట కోసమే అనుకుంటాను. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఆ కమ్మీని కిందికి లాగి పైకి నెడితే చాలు. ఖాళీ తూటా బయటికి, కొత్తది లోపలికి. మడమ భుజం దిగక్కర్లేదు. గాయపడ్డ పులి పొదలోంచి వస్తుంటే రెండో దెబ్బకి దొరికేది ఒకట్రెండు సెకన్లే. కానీ మంచె మీద అదే మీటతో చిక్కు. లాగితే ఇనుము చప్పుడు నిశ్శబ్దంలో దూరం పోతుంది. కాబట్టి తొలి తూటా వెలుగుండగానే ఎక్కించుకోవాలి. ఆపైన దోమలు, ఎర వాసన, కదలకుండా రాత్రంతా. నిజం చెప్పాలంటే ఆ కథల్లో తుపాకీ పని క్షణమే. మిగతా పేజీలన్నీ అడుగులు పోల్చిన ఊరివాళ్లవి, ఎరగా కట్టిన దూడలవి.

మోడల్ 1895 తయారీ 1940 నాటికి ఆగిపోయింది. ఆండర్సన్ కూడా రానురాను తుపాకీ కన్నా కెమెరా వైపే మొగ్గాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1974లో ఆయన పోయాడు. పాత వేట పుస్తకాల మోజు పోలేదు కాబోలు, ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో వించెస్టర్ పేరుతో ఆ తుపాకీ, దానితో పాటు పాయింట్ 405 తూటా మళ్లీ బజారులోకి వచ్చాయి.