సదాలక్ష్మి నుంచి హోం శాఖ దాకా

గ్రూప్స్‌కు చదివే మనందరికీ ఒక బిట్ నోటికి వచ్చు. దేశంలో తొలి మహిళా ముఖ్యమంత్రి సుచేతా కృపలానీ, ఉత్తరప్రదేశ్, 1963. తొలి దళిత మహిళా ముఖ్యమంత్రి మాయావతి, అదే రాష్ట్రం, 1995. మరి మన దగ్గర సంగతేమిటంటే చాలామందిమి తెల్లమొహం వేస్తాం. అందుకే ఈ నాలుగు మాటలు.

కోస్తా, సీమ జిల్లాలు మద్రాసులో ఉన్నప్పుడు, 1946లో, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో రుక్మిణీ లక్ష్మీపతి ఆరోగ్య శాఖ చూశారు. అక్కడ మంత్రి అయిన తొలి మహిళ ఆమే. కానీ అప్పటికి ఆ తలుపు చదువుకున్న పెద్ద కుటుంబాల వారికే తెరుచుకుంది.

మన వాడల నుంచి వెళ్లిన వారిలో ముందుగా చెప్పుకోవలసింది టి.ఎన్. సదాలక్ష్మి గారిని. సికింద్రాబాద్‌లో మెహతర్ల ఇంట పుట్టారు. ఊరి మలమూత్రాలు ఎత్తే పని అంటగట్టిన కులం అది. 1957లో శాసనసభకు వెళ్లారు, 1960లో డిప్యూటీ స్పీకర్ అయ్యారు, దేవాదాయ శాఖ మంత్రిగా కూడా పనిచేశారు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టినామె సంతకంతో గుళ్ల ఫైళ్లు కదిలాయి! గోగు శ్యామల గారు రాసిన 'నేనే బలాన్ని'లో ఆమె బతుకంతా ఉంది. మన హాస్టల్ లైబ్రరీకి ఆ పుస్తకం తెప్పించాలని నా కోరిక.

1967లో ఎల్లారెడ్డిలో సదాలక్ష్మి గారిని ఓడించింది ఎవరు? రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి. ఆమె కూడా దళిత మహిళే. రిజర్వుడు సీటంటే ఒకరికి దయతలచి ఇచ్చేది అనుకునేవారు ఈ పోటీ గురించి తెలుసుకోవాలి.

1983లో ఎన్.టి.ఆర్. మంత్రివర్గంలో కావలి ప్రతిభా భారతి సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి అయ్యారు. అంటే మన హాస్టళ్ల శాఖే. 1999లో ఆమె స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు, మన శాసనసభకు తొలి మహిళా స్పీకర్‌గా.

మహిళ మంత్రి అయితే స్త్రీ శిశు సంక్షేమమో, సాంఘిక సంక్షేమమో ఇవ్వడం అలవాటు. పోలీసు, డబ్బు ఉండే శాఖలు మగవారికే. 2009లో సబితా ఇంద్రారెడ్డికి హోం శాఖ ఇవ్వడంతో ఆ అలవాటు కొంత తప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మేకతోటి సుచరిత, 2022లో తానేటి వనిత, 2024లో వంగలపూడి అనిత వరుసగా హోం మంత్రులయ్యారు. ముగ్గురూ ఎస్సీ రిజర్వుడు స్థానాల నుంచి గెలిచినవారే. తెలంగాణలో మాత్రం 2014 నుంచి 2019 సెప్టెంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేదు. ఆ నెలలో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ వచ్చారు. 2023 డిసెంబరులో సీతక్క, కొండా సురేఖ ప్రమాణం చేశారు.

ముఖ్యమంత్రి కుర్చీ సంగతికొస్తే, రెండు రాష్ట్రాల్లోనూ ఇంతవరకు ఒక్క మహిళా ఎక్కలేదు. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ శాసనసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించింది. ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడో వంతు వారికే. అయితే జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలని అందులోనే రాశారు.