కింది స్వరం ఖరీదు

హరికథ మొదలయ్యే ముందు మృదంగ విద్వాంసుడు చేసే ఒక చిన్న పని సభలో చాలామంది కంట పడదు. తడిపిన బొంబాయి రవ్వను ముద్దగా చేసి మృదంగం ఎడమ మూతికి అద్దుతాడు. తట్టి వింటాడు. చాలకపోతే ఇంకాస్త పెడతాడు, ఎక్కువైతే గీకేస్తాడు. రవ్వ బరువుకు తోలు కదలిక నెమ్మదిస్తుంది, నెమ్మదించిన కొద్దీ నాదం కిందికి దిగుతుంది. వీణ మీద అనుమంద్రం తీగ సారణి కన్నా లావుగా ఉండడానికీ కారణం అదే. పై స్వరం జానెడు వెదురుముక్కలోనూ పలుకుతుంది. కింది స్వరం మాత్రం పొడవో, బరువో, బలమో పుచ్చుకోకుండా పలకదు. బేస్ గిటార్ అనే యంత్రం జీవితకథ మొత్తం ఈ బాకీని ఒక్కో తరం ఒక్కో రకంగా తీర్చుకుంటూ వచ్చిన కథ. తెనాలి, చుండూరు, బాపట్ల, రేపల్లె వైపు చర్చి సంగీత బృందాలైనా, కాలేజీ కుర్రాళ్ళ బ్యాండ్లైనా, పెళ్ళి ఆర్కెస్ట్రాలైనా ఈ కథ తెలుసుకోవడం వల్ల ఒక లాభం ఉంది. గిటారు కొన్నంత మాత్రాన బాకీలో ఒక భాగమే తీరుతుందని, మిగతాది పెట్టెకూ గాలికీ చేతివేళ్ళకూ చెల్లించాలని అర్థమవుతుంది.

లెక్క పాతదే. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో అచ్చువేసిన గ్రంథంలోనే తీగ సూత్రం ఉంది: తీగ పొడవు రెట్టింపైతే కంపనాలు సగమవుతాయి, బరువు నాలుగింతలైతే కూడా సగమే అవుతాయి. మామూలు గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, దాని పొడవు 65 సెంటీమీటర్లు. బేస్ గిటార్ లావు తీగ అందులో సగం, అంటే 41 సార్లు కంపించాలి. అదే తీగను అంతే బిగువుతో వాడాలంటే 130 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంత దూరం ఎడమచేయి పరుగులు తీయలేదు. అందుకే బేస్ గిటార్ తీగ పొడవు 86 సెంటీమీటర్ల దగ్గర ఆగింది, మిగతా బాకీ బరువు రూపంలో తీరింది. గిటారు తీగ మందం 1.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, బేస్ తీగది 2.7 దాకా పోతుంది. అంత మందాన ఒకే ఉక్కు ఊచ పెడితే అది వంగదు, దాని ఉపస్వరాలు అపశ్రుతి పలుకుతాయి. కాబట్టి లోపల సన్నని తీగ ఉంచి చుట్టూ మరో తీగను దగ్గరదగ్గరగా చుడతారు. వంపు లోపలి తీగది, బరువు పై చుట్టుది. మృదంగం మీద రవ్వ చేసే పనినే ఇక్కడ ఈ చుట్టు చేస్తుంది.

బేస్ గిటార్ రాకముందు పాశ్చాత్య వాద్యబృందాల్లో కింది స్వరం బాధ్యత నిలువెత్తు డబుల్ బేస్‌ది. ఆరడుగుల బోలు పెట్టె, మీటరు దాటిన తీగలు. అంత పెద్దదైనా డ్రమ్ములు, ఇత్తడి బాకాలు పక్కన చేరితే దాని గొంతు మునిగిపోయేది. మెట్లు లేని మెడ కావడంతో వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్వరం తప్పేది. మోసుకు తిరగడం వేరే అవస్థ. పరిష్కారానికి కావలసిన సూత్రాన్ని ఫారడే 1831లోనే చూపించాడు: అయస్కాంతం దగ్గర లోహం కదిలితే చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. సరిగ్గా వందేళ్ళకు, 1931లో, అమెరికాలో జార్జ్ బోషాం దాన్ని గిటారు తీగ కింద పెట్టి పికప్ తయారుచేశాడు. 1936 ప్రాంతంలో సియాటిల్‌కు చెందిన పాల్ టుట్‌మార్క్ మెట్లున్న, ఒళ్ళో పెట్టుకుని వాయించే, గట్టి కర్రతో చేసిన విద్యుత్ బేస్‌ను అమ్మకానికి పెట్టాడు. రూపంలో అది దాదాపు నేటి బేస్ గిటారే. అయినా నిలవలేదు. వాయిద్యం వచ్చింది గానీ దాని స్వరాన్ని మోయగల యాంప్లిఫయర్లు అప్పటికింకా చిన్నవి. ఈ వైఫల్యాన్ని గుర్తుంచుకోవాలి. నేటి ఔత్సాహిక బృందాలు అదే తప్పును మళ్ళీ మళ్ళీ చేస్తున్నాయి.

యంత్రాన్ని నిలబెట్టింది లియో ఫెండర్. ఆయన సంగీతకారుడు కాడు. గిటారు వాయించడం కూడా రాదు. లెక్కలు చదివి, 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్‌లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్న మనిషి. కరిగేది, ఊడేది, విరిగేది ఎక్కడ ఉంటుందో మరమ్మతు చేసేవాడి కంటికి ముందే కనిపిస్తుంది. 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో బోలు పెట్టె లేదు, గట్టి చెక్క. స్పీకరు మోత తిరిగి వాయిద్యంలోకి దూరి మైకు కూసినట్టు కూయడం అందువల్ల తగ్గింది. మెడకు 20 మెట్లు వేయడంతో వేలు ఎక్కడ ఆనినా స్వరం ఖచ్చితంగా పలికింది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే పెట్టారు. నాలుగు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటే మెడ వంగిపోకుండా లోపల ఉక్కు కడ్డీ పెట్టారు. చెక్క గాలిలో తేమను పీల్చుకునే మన తీరప్రాంతంలో ఆ కడ్డీని అప్పుడప్పుడూ సరిచేయకపోతే తీగలు పైకి లేచి వేళ్ళు నొప్పెట్టడం ఖాయం. వీటన్నిటికన్నా తెలివైన పని మరొకటుంది. మరుసటి ఏడే, 1952లో, ఫెండర్ బేస్‌కోసం ప్రత్యేకంగా బేస్‌మన్ అనే యాంప్లిఫయర్ తెచ్చాడు. టుట్‌మార్క్ దగ్గర లోటుపడిన రెండో సగం అదే.

ఆ రెండో సగం ఎందుకంత అవసరమో గాలి చెబుతుంది. వేసవి వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 41 కంపనాల స్వరం ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంత పొడవైన అలను నెట్టాలంటే స్పీకరు కాగితం గట్టిగా, దూరంగా కదలాలి. ఒక స్వరాన్ని అదే బిగ్గరతనంతో ఒక స్థాయి కిందికి దించితే కాగితం నాలుగింతల దూరం కదలాలి. రెండు స్థాయిలు దించితే పదహారింతలు. పైగా కాగితం ముందువైపు గాలిని నెట్టినప్పుడు వెనకవైపు లాగుతుంది; పొడవైన అల పక్కనుంచి తిరిగి వచ్చి ముందు చేసిన పనిని వెనక చెరిపేస్తుంది. దాన్ని ఆపడానికే బేస్ స్పీకరుకు గట్టి పెట్టె కావాలి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపినట్టు మన చెవి కూడా కింది స్వరాల మీద చిన్నచూపు చూస్తుంది. మధ్యస్వరానికి చాలినంత శక్తి మంద్రస్వరానికి చాలదు. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల యాంప్లిఫయర్ తెచ్చింది ఆడంబరానికి కాదు, ఈ లెక్కలన్నీ కలిసి అడిగినందుకు. మరో విచిత్రం ఏమిటంటే, బేస్ కోసం పుట్టిన బేస్‌మన్‌ను గిటారువాళ్ళు ఎత్తుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ 1962లో మొదలుపెట్టిన గిటారు యాంప్లిఫయర్లకు మూలం దాని సర్క్యూటే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత శక్తి కావాలంటే ఒకప్పటి అరచేతి ట్రాన్సిస్టర్ రేడియోలో బేస్ ఎలా వినిపించింది? ఆ స్పీకరు 41 కంపనాలను పలకనే పలకదు. వినిపించింది ఉపస్వరాల వల్ల. మీటిన తీగ తన అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల స్వరాలను కూడా పలుకుతుంది. వాటి మధ్య దూరం చూసి మెదడు లేని మూలస్వరాన్ని ఊహించి నింపుకుంటుంది. తంబురా తీగ కింది దారం (జీవ) సరిగ్గా కుదిరితే షడ్జం గది నిండినట్టనిపించేదీ ఉపస్వరాల పంటే. కాబట్టి బేస్ వాయించేవాడి చేతివాటం అలంకారం కాదు, భౌతికశాస్త్రం. మెడ దగ్గర మీటితే ఉపస్వరాలు తగ్గి నాదం గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జి దగ్గర మీటితే పెరిగి పదునెక్కుతుంది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు బేస్ పట్టిన జేమ్స్ జేమర్సన్ నున్నని చుట్టున్న పాత తీగలనే ఉంచుకుని, కుడిచేతి ఒక్క చూపుడువేలితో వాయించేవాడు. పాటలు ప్రపంచమంతా మోగినా ఏళ్ళ తరబడి డిస్కుల మీద ఆయన పేరు లేదు. వినిపించకపోతేనే గుర్తుకొచ్చే స్వరం అది.

మరో అభ్యంతరం మన సంగీతం వైపు నుంచి వస్తుంది: మనది శ్రుతి మీద నిలబడే రాగం, తంబురా, హార్మోనియం ఉండగా బేస్ ఎందుకు? కచేరీకి, బుర్రకథకు, పద్యనాటకానికి ఈ మాట నిజమే. తెనాలి రంగస్థలం హార్మోనియం శ్రుతితోనే ఎదిగింది, దానికి బేస్ గిటార్ తగిలించడం అనవసరం. కానీ ఈ ప్రాంతం చెవి ఒక్క శ్రుతితో ఆగలేదు. 1842లో గుంటూరుకు మిషనరీ హేయర్ వచ్చాక లూథరన్ మిషన్ వెంట నాలుగు గొంతుల్లో అల్లిన పాశ్చాత్య కీర్తనల పద్ధతీ వచ్చింది. ఆ నాలుగింటిలో అడుగున ఉండే గొంతు పేరే బేస్. అదే కాలంలో పురుషోత్తమ చౌదరి వంటివారు క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో కట్టారు. నేటి చర్చి బృందం ఈ రెంటినీ ఒకే ఆరాధనలో పాడుతుంది. సినిమా పాట సంగతీ అంతే. రేపల్లె దగ్గరి పెదపులివర్రులో 1930లో పుట్టిన కె. విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియో శబ్ద విభాగంలో పని మొదలుపెట్టి దర్శకుడైనవారు. శాస్త్రీయ నృత్యం చుట్టూ అల్లిన ఆయన ‘సాగర సంగమం’కి 1983లో సంగీతం ఇచ్చిన ఇళయరాజా స్వయంగా గిటారిస్టు, బేస్ గిటార్‌ను పాట వెనక నడిచే మరో పాటగా మలిచినవాడు. గాయని పంచమం మీదే నిలిచి ఉండగా అడుగున బేస్ షడ్జం పలికితే ఒక భావం, గాంధారానికి జరిగితే ఇంకో భావం. పైస్వరం కదలకుండానే అర్థం మారుతుంది. తంబురా చేయలేని పని అది. అది చేయాలని తంబురాను ఎవరూ అడగరు కూడా.

కీబోర్డు ఎడమచేయి ఉండగా వేరే మనిషి దేనికన్నది మూడో అభ్యంతరం. నలుగురే ఉన్న బృందానికి ఇది సబబైన వాదన. ఫెండర్ పేరుతోనే పియానో బేస్ అనే కీబోర్డు వచ్చింది. డోర్స్ బృందంలో రే మాంజరెక్ దాన్ని ఎడమచేత్తో వాయిస్తూ వేదికల మీద బేస్ గిటార్ లేకుండానే నడిపించాడు. అయితే రికార్డింగులో అదే బృందం చాలా పాటలకు బేస్ వాయించేవారిని పిలిపించుకుంది. ఒకే మెదడు రెండు పనులు చేస్తుంటే కుడిచేతి పని పెరిగినప్పుడల్లా ఎడమచేయి తేలికైన దారి పడుతుంది. స్వరాన్ని ఎప్పుడు ఆపాలన్నది బేస్‌లో సగం విద్య. దానికి పూర్తి ధ్యాస కావాలి. ఇక డీజే బాక్సులు గుండెలదిరేలా మోగుతుంటే బేస్ కరువెక్కడిదన్న మాట చూద్దాం. ఆ బాక్సులు సాధారణంగా ఏదో కొద్ది కంపనాల దగ్గరే ఉబ్బి మోగుతాయి. డప్పు దెబ్బకు, డ్రమ్ముకు అది చాలు. బేస్ గిటార్ నడకలో మాత్రం ఒక స్వరం ఉరుములా, పక్క స్వరం గుసగుసలా వస్తే రాగం చెడుతుంది. మోతకు, స్వరానికి ఉన్న తేడా అదే.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఔత్సాహిక బృందానికి దారి తేలిగ్గానే దొరుకుతుంది. వంద రూపాయలుంటే అన్నీ గిటారు మీద పెట్టకూడదు. సగానికి పైగా పెట్టెకు ఉంచాలి. మామూలు గిటారు యాంప్లిఫయర్‌కు బేస్ తగిలిస్తే అంత దూరం కదలడం తెలియని స్పీకరు చినిగిపోవచ్చు. నేరుగా మిక్సర్‌లోకి ఇస్తే పికప్‌కు తగిన జత కుదరక పై నాదం మొద్దుబారుతుంది. మధ్యలో చిన్న డీఐ బాక్సు పెడితే చాలు. సాధన చేసే గది గోడల మధ్య నాలుగు మీటర్ల చిల్లర దూరం ఉంటే, సరిగ్గా లావు తీగ స్వరం గోడల మధ్య చిక్కుకుని పోటెత్తుతుంది. అది వాయించేవాడి గొప్ప కాదు, తప్పూ కాదు. అదే స్వరం బయటి పందిట్లో పలచబడుతుంది. అందుకే పందిట్లోకి వెళ్ళాక మళ్ళీ విని సరిచేసుకోవాలి. అన్నిటికన్నా చవకైన మార్గం తక్కువ స్వరాలు వాయించడం. పొడవైన అల నిలదొక్కుకోవడానికి సమయం పడుతుంది. దానికి చోటివ్వకుండా స్వరాలు గుప్పిస్తే బురదే మిగులుతుంది. కచేరీ అయ్యాక మృదంగ విద్వాంసుడు ఎడమ మూతి మీది రవ్వను శుభ్రంగా గీకేస్తాడు. మర్నాటి సభకు మళ్ళీ తడి రవ్వ, మళ్ళీ అద్దడం, మళ్ళీ తట్టి వినడం. కింది స్వరం ఎవరికీ ఒకసారి కొనేసుకున్న సొత్తు కాదు. ఏ పందిట్లో ఆ పందిట్లోనే దాని ఖరీదు చెల్లించాలి.