పుస్తకానికి పూచీ ఎవరు?

పూర్వం ఫ్రాన్సు దేశాన్ని పదకొండవ లూయీ అనే రాజు పరిపాలించేవాడు. 1471లో ఆయనకు ఒక వైద్యగ్రంథం కావలసివచ్చింది. అది అల్ రాజీ అనే పారశీక వైద్యుడు వ్రాసిన గొప్ప గ్రంథం. పారిస్ నగరంలోని వైద్య విద్యాలయంవారి వద్ద దాని ప్రతి ఒకటి ఉన్నది. నకలు వ్రాయించుకుందామని రాజు దాన్ని ఎరువు అడిగాడు. అడిగినవాడు రాజే అయినా, విద్యాలయంవారు ఊరికే ఇవ్వలేదు. వెండి సామాను తాకట్టు పెట్టమన్నారు. అంతటితో ఆగక, మరొకరిచేత పూచీ కూడా ఇప్పించమన్నారు. రాజు ఒప్పుకుని, ఆ షరతుల మీదనే పుస్తకం తీసుకున్నాడు.

ఎందుకింత పట్టుదల? పారిస్‌లో మొదటి అచ్చుయంత్రం వచ్చి అప్పటికి ఒక్క ఏడాదే అయింది. అంత పెద్ద గ్రంథానికి చేతితో నకలు వ్రాయాలంటే నెలలు పట్టేది. ఒకసారి పోయిన పుస్తకం మళ్ళీ దొరకడం కల్ల. పైగా రాజు ఆ విద్యాలయానికి చెందినవాడు కాడు, బయటివాడు. లోపలివాడైతే అక్కడి కట్టుబాట్లకు లోబడి ఉంటాడు. బయటివాడికి పూచీ కావాలి.

ఇది జరిగి అయిదువందల ఏళ్ళు దాటింది. అయినా ఒక గ్రంథాలయం మరొక గ్రంథాలయాన్ని పుస్తకం ఎరువు అడిగినప్పుడు ఇప్పటికీ అదే ప్రశ్న వస్తుంది: పుస్తకానికి పూచీ ఎవరు?

ఉమ్మడి కుటుంబం

ఎంత పెద్ద గ్రంథాలయమైనా ప్రపంచంలోని పుస్తకాలన్నీ కొనలేదు. అందుచేత గ్రంథాలయాలు జట్లుగా ఏర్పడి, తమ పుస్తకాలన్నిటికీ కలిపి ఒకే జాబితా తయారుచేసుకుంటాయి. ఇది కొత్త ఊహ కాదు. 14వ శతాబ్దం ప్రారంభంలోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఏ మఠంలో ఏ గ్రంథం ఉన్నదీ తెలిపే పట్టిక ఒకటి తయారుచేశారు. వారు ఒక్కొక్క మఠానికి ఒక్కొక్క అంకె ఇచ్చి, గ్రంథం పేరు పక్కన ఆ అంకెలు వేశారు.

1876లో అమెరికాలో శామ్యూల్ గ్రీన్ అనే గ్రంథాలయాధికారి, గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు ఎరువిచ్చుకోవాలని ఒక పత్రికకు లేఖ వ్రాశాడు. 1917లో అక్కడి గ్రంథాలయ సంఘం ఇందుకు నియమావళి ఏర్పరచింది. 1967లో ఒహాయో రాష్ట్రపు కళాశాలలు కలిసి ఒక సంస్థను పెట్టుకుని, 1971 నుంచి కంప్యూటరు సహాయంతో ఉమ్మడి జాబితా నడపసాగాయి. మన దేశంలో 1988లో ఢిల్లీలో డెల్‌నెట్ అనే జట్టు మొదలయింది.

ఇలాంటి జట్టులో ఎరువు తేవడం, ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు చేబదులు తీసుకోవడం లాంటిది. పుస్తకం ఎక్కడున్నదో కంప్యూటరే చెబుతుంది. ఎవరు అడిగారు, ఎప్పుడు పంపారు, ఎప్పటికి తిరిగి రావాలి అన్న లెక్కలు కూడా అదే చూస్తుంది.

కాని ఆ పుస్తకం జట్టులో లేని గ్రంథాలయంలో ఉంటే ఏం చేయాలి?

పొరుగూరికి ఉత్తరం

ఒక బాలిక ఉన్నదనుకుందాం. ఆమె తమ ఊరి పక్కన పారే నదిని గురించి వ్యాసం వ్రాయాలి. ఆ నది వరదలను వివరించే పాత పుస్తకం ఒకటి ఉన్నదని తాతగారు చెప్పారు. అది ఆమె ఊరి గ్రంథాలయంలో లేదు, వారి జట్టులోనూ లేదు. దూరాన ఏ జట్టులోనూ చేరని ఒక చిన్న గ్రంథాలయంలో మాత్రం ఒకే ఒక్క ప్రతి ఉన్నది.

ఇక్కడ యంత్రం చేసే పనులన్నీ మనిషే చేయాలి. మొదటి పని, కావలసిన పుస్తకం ఏదో తప్పు లేకుండా తేల్చుకోవడం. ఒకే పేరుతో రెండు మూడు పుస్తకాలు ఉండవచ్చు. ఒకే పుస్తకం చాలాసార్లు అచ్చయి ఉండవచ్చు. అందుచేత రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చువేసినవారు, అచ్చయిన సంవత్సరం, ఎన్నవ ముద్రణ అన్నవి సరిచూసుకోవాలి.

కొత్త పుస్తకాలకైతే వెనక అట్ట మీద ఐ.ఎస్.బి.ఎన్. అనే 13 అంకెల సంఖ్య ఉంటుంది. దానిలో ఒక తమాషా ఉన్నది. 9780306406157 అనే సంఖ్య తీసుకోండి. మొదటి అంకెను 1తో, రెండవదాన్ని 3తో, మూడవదాన్ని మళ్ళీ 1తో, ఇలా మార్చి మార్చి హెచ్చవేసి, అన్నిటినీ కూడండి. మొత్తం 100 వస్తుంది. సరైన సంఖ్యకు ఈ మొత్తం ఎప్పుడూ పదిచేత నిశ్శేషంగా భాగింపబడుతుంది. వ్రాయడంలో ఏ ఒక్క అంకె తప్పినా అలా భాగింపబడదు, తప్పు బయటపడుతుంది. మీ ఇంట్లో ఉన్న పుస్తకాలతో ఈ లెక్క చేసి చూడండి! కాని బాలిక కోరిన పుస్తకం వంటి పాతవాటికి ఈ సంఖ్య ఉండదు. వాటికి పేరూ, సంవత్సరమే ఆధారం.

రెండవ పని ఉత్తరం వ్రాయడం. పుస్తకం వివరాలతోబాటు, అది ఎప్పటిలోగా కావాలో, ఎన్నాళ్ళు ఉంచుకుంటారో, పంపే ఖర్చు ఎవరు భరిస్తారో, ఎలా తిరిగి పంపుతారో అందులో ఉండాలి. ఉత్తరం మీద ఒక వరుస సంఖ్య కూడా వేయాలి. జవాబులో ఆ సంఖ్య ఉంటే, అది ఏ పుస్తకాన్ని గురించో వెంటనే తెలుస్తుంది. కొన్ని పుటలు చాలుననుకుంటే, పుస్తకానికి బదులు, చట్టం ఒప్పుకున్నంతవరకు, ఆ పుటల నకలే అడగవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉన్నది. తొందరపడి ఒకేసారి నలుగురిని అడగకూడదు. నలుగురూ పంపితే మూడు పుస్తకాలు వృథాగా ప్రయాణం చేస్తాయి. ఒకరిని అడిగి, కొన్నాళ్ళు గడువు పెట్టుకుని, జవాబు రాకపోతే గుర్తు చేసి, అప్పటికీ రాకపోతే ఆ కోరిక రద్దు చేసుకున్నామని తెలియజేసి, తరువాతనే మరొకరిని అడగాలి.

ఇందుకోసం గ్రంథాలయాధికారి ఒక చిట్టా పెట్టుకుంటాడు. అడిగిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, పుస్తకం అందిన తేదీ, గడువు తేదీ, తిరిగి పంపిన తేదీ, అందినట్టు కబురు వచ్చిన తేదీ, ఇలా ఒక్కొక్క కోరికకూ ఆరు గడులు ఉంటాయి. ఆరు గడులూ నిండేదాకా ఆ పని పూర్తి అయినట్టు కాదు.

అతిథి వచ్చింది

జవాబు మూడు రకాలుగా రావచ్చు: "పంపుతాము", "పంపలేము", "పంపుతాము గాని, మీ గ్రంథాలయంలోనే కూర్చుని చదవాలి". చివరిది విని పిల్లలు చిన్నబుచ్చుకోవచ్చు. కాని ఇచ్చేవారి వద్ద ఉన్నది ఒక్కటే ప్రతి. వారి షరతును మన్నించడం న్యాయం.

పుస్తకం రాగానే కట్టు విప్పి, చిరిగిన పుటలు ఉన్నాయేమో చూసి వ్రాసుకోవాలి. లేకపోతే పాత చిరుగు మన మీద పడుతుంది. మన ముద్ర దాని మీద వేయకూడదు, చీటీలు అంటించకూడదు. వివరాలు వ్రాసిన కాగితపు పట్టీని అట్టకు చుడితే చాలు. కంప్యూటరులో దానికి తాత్కాలికంగా ఒక సంఖ్య ఇచ్చి, పుస్తకం వెళ్ళిపోయాక ఆ సంఖ్య తీసివేస్తారు.

ఇచ్చినవారు 30వ తేదీలోగా పుస్తకం తమకు చేరాలన్నారనుకోండి. బాలికకు 20వ తేదీ అనే చెప్పాలి. ప్రయాణానికి పట్టే రోజులు కూడా గడువులో కలిసే ఉంటాయి గదా!

దారిలో పుస్తకం పోతే ఎవరు బాధ్యులు? 1927లో ఏర్పడిన ఇఫ్లా అనే అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య దీనికి స్పష్టమైన నియమం పెట్టింది. పుస్తకం ఇచ్చినవారి గడప దాటినప్పటినుంచి తిరిగి వారి చేతికి అందేదాకా, తెప్పించుకున్న గ్రంథాలయానిదే బాధ్యత. తప్పు తపాలావారిదైనా సరే, నష్టం తెప్పించుకున్నవారే భరించాలి.

దేశానికీ దేశానికీ మధ్య మరొక చిక్కు ఉన్నది. నాణేలు వేరు, చిన్న మొత్తం పంపాలన్నా బ్యాంకు ఖర్చు ఎక్కువ. అందుకని ఇఫ్లా 1995లో ప్లాస్టిక్ చీటీలు ప్రవేశపెట్టింది. పుస్తకం తెప్పించుకున్నవారు డబ్బుకు బదులు చీటీ ఇస్తారు. అది పుచ్చుకున్నవారు తమకు అవసరం వచ్చినప్పుడు ఇంకొకరికి ఇస్తారు. అంటే అది గ్రంథాలయాల మధ్య చెల్లే నాణెమన్నమాట! వేరువేరు జట్ల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు కూడా 2014లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. అయినా కంప్యూటరు కొనలేని చిన్న గ్రంథాలయాలకు ఇప్పటికీ ఉత్తరమూ, చిట్టాయే దిక్కు.

మీ వంతు

పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగి రాదని మన పెద్దలు హెచ్చరించేవారు. ఆ మాట నిజమైతే ఏ గ్రంథాలయమూ తలుపు తెరవదు. దాన్ని అబద్ధం చేయడం చదివేవారి చేతిలో ఉన్నది.

మన బాలిక ఆ పుస్తకం ఆలస్యంగా ఇచ్చిందనుకుందాం. ఆ చిన్న గ్రంథాలయంవారికి ఆమె పేరు తెలియదు. ఆమె ఊరి గ్రంథాలయం పేరే తెలుసు. మరుసటి ఏడు అదే ఊరినుంచి మరొక పిల్లవాడు మరొక పుస్తకం కోరితే, వారు "పంపలేము" అంటారు. ఏ తప్పూ చేయని పిల్లవాడికి పుస్తకం అందదు. ఆమె చేతులు కడుక్కుని, పుటలు మడవకుండా చదివి, చెప్పిన రోజుకు తిరిగి ఇస్తే, ఆ పిల్లవాడి పుస్తకానికి ఆమె ఇప్పుడే దారి వేసినట్టు.

లూయీ రాజు వెండి సామాను తాకట్టు పెట్టాడు. మీకోసం మీ గ్రంథాలయం తన మంచిపేరు తాకట్టు పెడుతున్నది. పుస్తకంతోబాటు దాన్ని కూడా భద్రంగా తిరిగి అప్పగించండి.