ఒకటో తరగతికి ఏ బడి?

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారనగా ఆత్రేయపురంలో ఐదేళ్లు నిండిన పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఊళ్లో ఎంపీపీ స్కూల్లో వేద్దామా, రావులపాలెం బస్సెక్కిద్దామా, ఖర్చయినా సరే బ్యారేజీ దాటించి రాజమండ్రి వైపు పంపుదామా? తాతగారు బోర్డు స్కూలు రోజులు గుర్తుచేస్తారు. పక్కింటావిడ తన మనవడికి ఎల్‌కేజీలోనే వచ్చేసిన ఇంగ్లీషు రైముల గురించి చెబుతుంది. తల్లి లెక్క వేరు. పూతరేకులు తీసే ఇల్లయితే పొయ్యి ముందు కూర్చునే వేళా, బస్సు హారన్ కొట్టే వేళా ఒకటే అవుతాయి. బోర్లించిన కుండ కాగాక, పల్చటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను దాని మీద ఒక్క ఊపున పరిచి లాగితే క్షణంలో రేకు లేస్తుంది. ఆ పని మధ్యలో వదిలి లేవడం కుదరదు. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఈ మిఠాయి వెనక ఇలాంటి ఆడవాళ్ల పొద్దులు ఎన్నో ఉన్నాయి. బిడ్డ బడి ఎంత దూరమన్న ప్రశ్న వాళ్లకు కూలి డబ్బుల ప్రశ్న కూడా.

ఈ ఏటిగట్టు మీద బడి గురించిన తర్జనభర్జన కొత్తది కాదు. ఆత్రేయపురం నుంచి బ్యారేజీ దాటితే వచ్చే ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల కోసం బడి పెట్టారు. ఆనాడు తల్లిదండ్రులను ఒప్పించాల్సింది పిల్లను అసలు బడికి పంపమని. ఈనాడు పంపని ఇల్లు లేదు. ఎక్కడికి పంపాలన్నదే సమస్య.

ఇదే సమస్య కోనసీమ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇళ్లలో ఇంకో రూపంలో కనిపిస్తుంది. నార్త్ కరోలినాలోని కేరీ, మోరిస్‌విల్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి వేక్ కౌంటీ ప్రభుత్వ బడుల వ్యవస్థలో మాగ్నెట్ స్కూళ్లు ఉంటాయి. ఒకదానిలో సంగీతం, నాటకం మీద శ్రద్ధ, ఇంకోదానిలో సైన్సు మీద, మరోదానిలో రెండు భాషల్లో బోధన. ఇంటి దగ్గర బడి కాదనుకుంటే వీటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సీట్లకు మించి దరఖాస్తులొస్తే ఎంపిక కొన్ని ప్రాధాన్యాల మీద, కొంతవరకు లాటరీ మీద ఆధారపడుతుంది.

ఆ బడులు పుట్టింది మాత్రం తల్లిదండ్రుల ముచ్చట తీర్చడానికి కాదు. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేర్వేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినా, పేటలు వేరుగా ఉన్నంతకాలం బడులూ వేరుగానే ఉండిపోయాయి. బలవంతాన బస్సుల్లో ఎక్కించి పిల్లలను కలపబోతే గొడవలయ్యాయి. నల్లవాళ్ల పేటలోని బడినే అందరూ కోరుకునేంత బాగుచేస్తే తెల్లవాళ్లు తమంతట తామే పిల్లలను తెస్తారన్న ఆలోచనతో 1968లో వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో మెకార్వర్ ఎలిమెంటరీ స్కూలు, మరుసటి ఏడు బోస్టన్‌లో ట్రాటర్ స్కూలు మొదలయ్యాయి. పేదల పేటలోని ప్రభుత్వ బడి మీద డబ్బూ మనుషులనూ పెట్టి, దూరపువాళ్లు కూడా వచ్చేలా చెయ్యడం అక్కడి పద్ధతి. మన డెల్టాలో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. ఊళ్లో బడి ఉన్నచోటే ఉండిపోయింది, పిల్లలు పసుపు బస్సెక్కి వెళ్లిపోయారు.

వెళ్లిపోయిన పిల్లలకు అదనంగా ఏం ఒరిగింది? దీనికి ఊహలతో కాక లెక్కలతో జవాబు చెప్పిన పెద్ద ప్రయోగం మన రాష్ట్రంలోనే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ప్రభుత్వ బడుల పిల్లల తల్లిదండ్రులను అడిగారు: ఫీజు మేం కడతాం, మీ బిడ్డను ప్రైవేటు స్కూలుకు పంపుతారా? ఆరు వేలకు పైగా ఇళ్ల నుంచి దరఖాస్తులు వచ్చాయి. ముందు ఊళ్లకు, తర్వాత ఎంపికైన ఊళ్లలో పిల్లలకు లాటరీ తీశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఈ పిల్లలను నాలుగేళ్లు గమనించి, ఫలితాలను 2015లో ప్రచురించారు.

లాటరీ ఎందుకన్నది కాస్త ఆగి చూడాలి. మామూలుగా ప్రైవేటు బడి పిల్లల మార్కులు ఎక్కువగానే ఉంటాయి. కానీ ఆ పిల్లల ఇళ్లలో నాలుగు డబ్బులుంటాయి, అమ్మానాన్నా చదువుకుని ఉంటారు, సాయంత్రం ప్రైవేటు చెప్పించగలుగుతారు. మార్కుల్లో బడి వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో విడదీయడం కష్టం. ఒకే రకం ఇళ్ల నుంచి దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్లో కొందరికి చీటీ తగిలి, కొందరికి తగలకపోతే, అప్పుడు వాళ్ల మధ్య కనిపించే తేడా బడి వల్ల వచ్చిందే.

నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా కనిపించలేదు. ఇంగ్లీషులో, సైన్సు-సోషల్‌లో కూడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు కాబట్టి అది సహజమే. అలాగని ప్రైవేటు బడులను తీసిపారేయడానికీ లేదు. అవి తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమిచ్చి కూడా ఆ సబ్జెక్టుల్లో ప్రభుత్వ బడితో సమానంగా నిలిచాయి. అదీ ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువతో, చాలా తక్కువ జీతాల టీచర్లతో. ఆ బడుల్లో టీచర్ల గైర్హాజరీ తక్కువ. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కలిపి చెప్పాల్సిన అవస్థా తక్కువ. పరిశోధకులు జాగ్రత్తగా ఇచ్చిన ఇంకో సూచన కూడా ఉంది: తెలుగు మీడియం ప్రైవేటు బడుల్లోకి మారినవాళ్లు మెరుగ్గా ఉన్నారనీ, మధ్యలో ఇంగ్లీషు మీడియంలోకి మారినవాళ్లు మిగతా సబ్జెక్టుల్లో తడబడ్డారనీ.

అమెరికాలో చికాగో ప్రభుత్వ హైస్కూళ్ల లాటరీల మీద 2006లో వచ్చిన అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది. కోరుకున్న బడి దొరికినంత మాత్రాన సగటున మార్కులు పెరగలేదు.

అయితే ఏ బడైనా ఒకటేనా? ఎంతమాత్రం కాదు. తేడా ఉంది, కానీ అది బోర్డు మీద రాసిన పేరులో కనిపించదు. ఆ ప్రయోగం తర్వాత బడుల పరిస్థితి కూడా చాలా మారింది. ఐదేళ్ల పిల్లల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన తేడా, తరగతికి ఒక టీచరు ఉన్నారా లేదా అన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు. అంటే పాతిక మంది పిల్లలున్న బడిలో ఐదు తరగతులనూ ఇద్దరే చూసుకోవాలి. ఒకరు సెలవు పెడితే ఇంకొకరే. టీచరుగారు మూడో తరగతికి తీసివేతలు రాసిచ్చి వచ్చేసరికి ఒకటో తరగతి పిల్లవాడు పలక మీద అదే అక్షరం ఇరవైసార్లు దిద్ది కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. అది టీచరు తప్పు కాదు, పిల్లవాడి తప్పు అంతకన్నా కాదు. అది చూసి తల్లిదండ్రులు పిల్లను తీసేస్తారు. పిల్లలు తగ్గితే టీచర్లు తగ్గుతారు, టీచర్లు తగ్గితే ఇంకొందరు వెళ్లిపోతారు. గోదావరి జిల్లాల్లో ఎన్నో చక్కని బడులు ఇలాగే చిక్కిపోయాయి.

దీన్ని సరిచెయ్యాలని ప్రభుత్వాలు చూడకపోలేదు. 2022లో వచ్చిన జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లలో కలపమంది. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది వాదన. చాలాచోట్ల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. కోనసీమలో కిలోమీటరంటే మ్యాపు మీద గీత కాదు. మధ్యలో కాలవ ఉంటుంది, వంతెన ఉంటుంది, గట్టు మీద ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా ఆ దారిన పంపడానికి ఏ తల్లికీ మనసొప్పదు. 2025లో ఆ విధానాన్ని పక్కనపెట్టి బడులను తొమ్మిది రకాలుగా సర్దారు. అందులో మోడల్ ప్రైమరీ స్కూలు అన్నది తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన పేరు. అక్కడ ఒకటి నుంచి ఐదు వరకు తరగతికొక టీచరు ఉండాలన్నది ఉద్దేశం. ఊరి బడికన్నా కాస్త దూరమైనా నాలుగు వాడల పిల్లలూ ఒకచోటికి చేరే ప్రభుత్వ ప్రాథమిక బడి ఇదే. మాగ్నెట్ స్కూలుకు మన దగ్గరున్న దగ్గరి చుట్టం ఇదే అనాలి. తమ ఊళ్లో ఉన్నది మోడల్ ప్రైమరీనా, బేసిక్ ప్రైమరీనా, రెండో తరగతి వరకే ఉండే ఫౌండేషన్ బడా అన్నది హెడ్మాస్టరు గారిని అడిగితే నిమిషంలో చెబుతారు. మోడల్ అయితే ఐదుగురు టీచర్లూ నిజంగా ఉన్నారా, కాగితం మీదేనా అన్నది కళ్లతో చూసి రావాలి.

డబ్బు సంగతి చాలా ఇళ్లలో తప్పుగా లెక్కవేస్తారు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం సొమ్ము ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తుంది. బిడ్డకు పదిహేను వేలు, అందులో రెండు వేలు బడుల నిర్వహణకు పోగా పదమూడు వేలు ఖాతాలో పడతాయి. కాబట్టి ఆ డబ్బు కోసం ఒక బడిని ఎంచుకోనక్కర్లేదు, వదులుకోనక్కర్లేదు. ఇక ప్రభుత్వ బడిలో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, సంచీ ఉచితం. మధ్యాహ్న భోజనం పెడతారు. ఇప్పుడా పథకానికి ఈ కోనసీమ అన్నపూర్ణ, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు. ప్రైవేటు బడికైతే ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బస్సు, బూట్లు, పుస్తకాలు, డబ్బాలోకి కూర, అన్నీ కలుపుకోవాలి. పేదవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో పాతిక శాతం అనాథలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీ, బలహీన వర్గాల పిల్లలకు కేటాయించాలి. ఆన్‌లైన్లో దరఖాస్తు, లాటరీలో ఎంపిక. ఇంటికి దగ్గరివాళ్లకు ముందు. తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి దరఖాస్తు గడువు గురించి ఎండాకాలం రాకముందే వాకబు చెయ్యడం మంచిది.

భాష మాటకొస్తే చాలామందిని భయం నడిపిస్తుంది. ఇంగ్లీషు రాకపోతే బిడ్డ వెనకబడిపోతాడన్న భయం న్యాయమైనదే. అయితే ఇప్పుడు ప్రభుత్వ బడుల్లోనూ పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఆ పుస్తకాన్ని సరిగ్గా వాడుకునే టీచరు దొరికితే ఇంగ్లీషు పేరుతో పిల్లను దూరం పంపనక్కర్లేదు. ఒకటో తరగతి పిల్లకు టీచరు మాట అర్థం కావాలి, తన ప్రశ్న నోటితో అడగగలగాలి. అర్థంకాని భాషలో వల్లె వేసిన పాఠం దసరా సెలవుల్లో మరిచిపోతుంది.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు గదుల రంగులు, టీవీ తెరలు చూసి రావడం ఒక్కటే చాలదు. చూడాల్సింది నోటు పుస్తకాలు. పది పుస్తకాల్లోనూ అవే వాక్యాలు, అదే క్రమంలో, ఒక్క తప్పు లేకుండా ఉంటే అవి బోర్డు మీద నుంచి ఎక్కించినవి. తప్పులుండి, టీచరు ఎర్ర ఇంకుతో దిద్ది, కింద పిల్లవాడు మళ్లీ రాసుంటే అక్కడ చదువు జరుగుతోందని అర్థం. మూడో తరగతి పిల్లవాడిని ఒకణ్ణి పక్కకు పిలిచి, వాడు చూడని రెండో తరగతి కథ ఒకటి చదివించాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో దేశమంతటా చేస్తున్నది ఇదే: అక్షరం, పదం, చిన్న పేరా, కథ. తెలుగులో తడబాటు ఎక్కువగా ఒత్తుల దగ్గర దొరుకుతుంది. 'ఎద్దు'ను 'ఎదు' అని చదివి, ఎదరకు పోతాడు. 52లోంచి 37 తీసెయ్యమంటే కొందరు తడుముకోకుండా 25 అంటారు. ఏడులోంచి రెండు తీసేశారన్నమాట, అప్పు తెచ్చుకోవడం ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పది నిమిషాల ఈ పని ఏ కరపత్రం కన్నా ఎక్కువ చెబుతుంది. ప్రైవేటు బడికైనా, ప్రభుత్వ బడికైనా ఇదే పరీక్ష.

ప్రభుత్వ బడిలో వేశాక తల్లిదండ్రుల చేతిలో ఇంకో హక్కు ఉంది. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే కావాలనీ చట్టం. టీచరు ఖాళీ ఉంటే రాతపూర్వకంగా అడిగేది ఆ కమిటీయే. పూతరేకుల పని చేసే తల్లి కమిటీలో కూర్చుంటే బడి వేళల గురించి, వానాకాలంలో గట్టు దారి గురించి ఆమె చెప్పే మాటకు బలముంటుంది.

ఒకటో తరగతిలో చేర్చిన బడిలోనే ఐదో తరగతి దాకా ఉండాలన్న నిబంధన కూడా లేదు. ఒక ప్రభుత్వ బడి నుంచి ఇంకో ప్రభుత్వ బడికి మారే హక్కు చట్టమే ఇచ్చింది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని కూడా రాసింది. సంక్రాంతి సెలవులకు బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు దినపత్రికలో ఒక పెద్ద శీర్షిక చదివించి చూస్తే, వచ్చే జూన్‌లో ఏం చెయ్యాలో ఆలోచించుకోవడానికి ఐదు నెలల వ్యవధి ఉంటుంది.