భూమి ఎంత అదిరింది? ఏ మాటతో చెప్పాలి?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం గురించి ‘తీవ్రత 5.3’ అని వార్తల్లో చదివాం. నిజానికి 5.3 అన్నది భూగర్భంలో విడుదలైన శక్తికి కొలత. దాన్ని పరిమాణం అనాలి. ఒక భూకంపానికి అది ఒక్కటే. తీవ్రత మాత్రం ఊరూరికీ మారుతుంది. కేంద్రానికి దగ్గర్లో గోడలు అదిరి అలమరలో గిన్నెలు గలగలలాడితే, దూరాన మేడమీద ఫ్యాను కాస్త ఊగి ఆగుతుంది.

అలవాటైన మాటను మార్చడమెందుకని అడగవచ్చు. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. అయినా లోతుగా, దూరంగా పుడితే నష్టం తక్కువే కావచ్చు. పరిమాణాన్నీ తీవ్రతనూ ఒకే మాటతో చెబితే మన ఇంటికెంత ముప్పో తెలియదు. కొత్త పదాలు బరువనుకోనక్కర్లేదు. అదురు, ఊపు, కుదుపు, వణుకు: తేడా చెప్పే మాటలు మన నోట ఉన్నవే. వాటిని సరిగ్గా వాడితే భయం తగ్గి జాగ్రత్త పెరుగుతుంది.