కొయ్యకాళ్లకు నిప్పు పెడితే పోయేదేమిటి?

ఏప్రిల్ చివరికల్లా మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి కోతలు ముగింపుకొస్తాయి. కోత మిషన్ వెళ్లిన మడిలో జానెడు కొయ్యకాళ్లు, వాటి మీద వరుసలుగా గడ్డి మిగులుతాయి. నాలుగు రోజులు ఎండితే చాలు, పొగ లేస్తుంది. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి పెరిగేకొద్దీ పాలమూరులోనూ ఇదే దృశ్యం.

'కాలిస్తే బూడిద ఎరువవుతుంది' అన్నది ఊరూరా వినిపించే మాట. సగం నిజం కాబట్టే అది అంత గట్టిగా నాటుకుంది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మంట పెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. పొటాష్ బూడిదలో మిగిలినా కొంత వేసవి గాలికి లేచిపోతుంది, కొంత తొలకరి వానకు కొట్టుకుపోతుంది. అసలు నష్టం కర్బనానిది. ఈ జిల్లాల చల్కా నేలల్లో సేంద్రియ కర్బనం మొదటి నుంచీ తక్కువే. చల్కా తడిని నాలుగు రోజులు ఎక్కువ పట్టి ఉంచాలంటే గడ్డీ పెంటా నేలలో కలవాల్సిందే. ఆ పని యూరియా బస్తాతో కాదు.

మంటకు మొగిపురుగు చస్తుందన్న నమ్మకమూ ఉంది. మంట పైగడ్డిని కాల్చుకుంటూ వేగంగా సాగిపోతుంది. పురుగు దాక్కునేది నేలను ఆనుకున్న కొయ్య మొదట్లో. దాన్ని చంపేది కొయ్యకాళ్లను దున్ని నీట ముంచడమే. మంటలో మాడేది పైపొరలోని సూక్ష్మజీవులు, పైరుకు మేలు చేసే సాలీళ్లు.

'టైం లేదు' అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయకూడదు. పంజాబ్ రైతుకు వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే ఉంటాయి. సాగర్ ఆయకట్టులో యాసంగి కోత తర్వాత వానాకాలం నాటుకు రెండు నెలల పైనే గడువుంది. నిజంగా ఇరుకైన కాలం నవంబరు కోతకూ యాసంగి నాటుకూ మధ్యే. అప్పుడు గడ్డి దున్నిన వెంటనే నాటితే పైరు పసుపెక్కుతుందని రైతులు చెప్పేది నిజం. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొన్నాళ్లు తామే వాడేసుకుంటాయి. అందుకే కరిగెట సమయంలో ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి, నీరు నిలిపి, రెండు మూడు వారాలు ఆగి నాటాలి. అంత గడువు లేకపోతే బేలర్‌తో కట్టలు కట్టించి గడ్డిని పశువులకు తరలించవచ్చు.

పత్తి కట్టెది వేరే లెక్క. గులాబీ రంగు పురుగు ఉండేది చేనులో వదిలేసిన ఎండు కాయల్లో. చివరి ఏరుడు కాగానే చేనులో గొర్లను మేపి, కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నితే పురుగు తగ్గుతుంది, కట్టె నేలకే దక్కుతుంది.

'నా పొలం నా ఇష్టం, జరిమానాలన్నీ ఢిల్లీ వాళ్లకే' అనేవారున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో నిర్ణయించిన, కేంద్రం 2024 నవంబరులో రెట్టింపు చేసి గరిష్ఠంగా 30,000 రూపాయలకు చేర్చిన పరిహారం ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలకే. అయితే భారతీయ న్యాయ సంహిత నల్లగొండకూ వర్తిస్తుంది. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిప్పుతో నిర్లక్ష్యంగా ఉంటే 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. పక్కవాడి పంట కాలుతుందని తెలిసీ నిప్పు పెడితే 326వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇక అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున మంట అడవిలోకి పాకితే అటవీ చట్టం కింద కేసు.

గాలి లేనప్పుడు పెడితే మంట గెట్టు దాటదన్నది వీటన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. వేసవి మధ్యాహ్నం సుడిగాలి చెప్పి రాదు. గెట్టు మీది తాటిచెట్టు ఎండు కమ్మ ఒక్కటి అంటుకుంటే రవ్వలు నాలుగు మడుల అవతల పడతాయి. తాడు కల్లు పారే దశకు రావడానికి పుష్కరం పైనే పడుతుంది, అది కాలిపోతే గౌడన్న జీవనాధారం పోయినట్టే. బోరు మోటారు వైర్లు, డ్రిప్ పైపులు కూడా ఇలాగే కాలిపోతుంటాయి. అదుపు తప్పిన మంటను కొమ్మలతో కొట్టి ఆర్పబోయి, పొగకు ఊపిరాడక ముసలి రైతులు ప్రాణాలు వదిలిన ఘటనలు తెలంగాణలో ఉన్నాయి. మంట కనబడితే దానికి ఎదురుపోకూడదు. గాలి వచ్చే వైపుకు తప్పుకోవాలి, పశువులను విప్పాలి, కరెంటు వాళ్లకు చెప్పి లైన్ ఆపించాలి, 101కి ఫోన్ చేసి ఊరి పేరుతో పాటు పొలానికి వచ్చే బాట గుర్తులూ చెప్పాలి.